మట్టివైపు

యర్రగుంట్ల రోడ్డు పక్కన నా బండల దొడ్డికి
ఎస్తేరక్క ఎండలో నడిచొచ్చింది.
కొంగు ముడిలో దుడ్లు, కాగితం ముక్క మీద మొగుని పేరు.
అక్షరానికి ఇరవై. ఒత్తులు లెక్కలోకి రావు.
వేళ్ల మీద ఎంచుకొని
"ప్రభువునందు నిద్రించెను అనేది
చెక్కొద్దన్నాడు అయ్యగారు.
ఆ దుడ్లు మిగిలినాయిలే" అని నవ్వింది.
నవ్వు సగంలోనే ఆగింది.

ఇసాకు మామ మునిగిన నీళ్లు నాకు తెలుసు.
ఆ యేడు పెన్నలో ఇసుక తప్ప ఏమీ లేదు.
పాత క్వారీ గుంతలో, పాచి పట్టిన పచ్చని నీళ్లలో
ఓబులేసు దిగి ఇసాకు లేచినాడు.
గట్టు మీద పిల్లోళ్లం చప్పట్లు కొడతాంటే
అప్పుడే పుట్టిన దూడ మాదిరి వణికినాడు.

ఇరవై రెండేండ్లు గుడి గంట ఆయన చేతిదే.
తర్వాత సలోమి సచ్చిపాయ.
తొమ్మిదేండ్ల పిల్ల, మూడు రోజుల జరం.
ఆ ఆదివారం గంట మోగలేదు.
మెడలో దర్గా తాయెత్తు, నొసట తిరునాళ్ల కుంకుమ,
సారా కొట్టు బల్ల మీద ఎప్పటికీ అదే చోటు.
పిలవడానికి పోయిన సంఘపెద్దల మీదికి చెంబు విసిరినాడు.
సంఘం పుస్తకంలో ఆయన పేరు మీద
ఎర్ర సిరా గీత,
స్కేలు పెట్టి గీసింది.

"రక్షణ పట్టుకున్నోనికే" అంటాడు అయ్యగారు.
చెడ్డ మనిషి కాడు. చెప్పేటప్పుడు నా మొహం చూడలేదు.
"చేతిలో దీపం తానే ఆర్పుకున్నోడు
చీకటిని తిట్టి ఏం లాభం?"
పొద్దుటూరు నుంచి వచ్చే ఇంకో మందిరం బోధకుడు
"ఒకసారి దొరికింది ఎట్ల పోతాది?" అంటాడు.
ఇంకా గట్టిగా అడిగితే
"అసలు ఇసాకుకు దొరికిందో లేదో" అని బండెక్కుతాడు.
ఇద్దరి మాటా విన్న ఎస్తేరక్క
"పలుపు తెంపుకొని పోయింది దూడ.
తెగింది పలుపు. దూడ ఎవరిదప్పా?" అనింది.
నేనేమీ అనలేదు. ఉలికి సాన పడుతున్నా.

రాసింది తుడుస్తారు, చెక్కింది తుడవలేరు
అనేవాడు మా నాయన.
అది మిషన్ రాకముందు మాట.
ఇప్పుడు పాత సమాధి బండలూ నా దగ్గరికే వస్తాయి.
నీళ్లు పోసి సానరాయి తిప్పితే
ఎవరో సుందరమ్మ, ముప్పావు గంటలో
నల్లటి బురదై కాలవలోకి కారిపోతాది.
పేరు పోదని నేను ప్రమాణం చెయ్యలేను.
ఒకటి మాత్రం చేతికి తెలుసు:
పేరు ఎంత లోతు దిగిందో
అంత మందం బండా పోవాల.
పేరొక్కటే పోవడం నేనింతవరకు చూడలేదు.

దేవుడు మనల్ని అరచేతిలో చెక్కుకున్నాడని
చిన్నప్పుడు సండే స్కూల్లో చెప్పింది ఇసాకు మామే.
రాత్రంతా ఆ చెయ్యే కండ్లల్లో.
ఒక్క ఓబులేసును చెరపాలంటే
ఆ చెయ్యి ఎంత అరగాల?
అక్కడ ముందే ఒక తూటు ఉంది గదా.

తెల్లారక ముందే బండ పరిచినాను.
పైన పేరు, రెండు తేదీలు, అయ్యగారు చెప్పినంతే.
తర్వాత తిరగేసినాను, నునుపు చెయ్యని వైపుకు.
అక్కడ ఉలి నిలవదు. అక్షరాలు వంకర పోయినాయి.
రెండే మాటలు.
దుడ్లు అడగలేదు.

నలుగురం మోసి మట్టి మీద దించినాం.
అయ్యగారు పొట్టి ప్రార్థన చేసినాడు,
చివర్లో గొంతు బొంగురుపోయింది.
ఎస్తేరక్క వొంగి అంచు కింద వేళ్లు పెట్టబోతే
"నలుగుతాయక్కా" అని చెయ్యి లాగినా.

నిజమే చెక్కినానో, లేదో.
తప్పైతే అదీ చెరగదు.
నేను గుడికి పోక ఆరేండ్లు.
దొడ్డి మూలన నాకని పక్కన పెట్టుకున్న బండ ఒకటుంది.
నిన్న చీకట్లో తడిమి చూసినా.
ఇంకా రెండు వైపులా గరుకే.